ఎందుకు ఆగిందో బోర్డే చెప్పిన కథ

2015 ఫిబ్రవరి 2న రాస్ప్‌బెర్రీ పై 2 అనే చిన్న కంప్యూటర్ బోర్డు అమ్మకానికి వచ్చింది. నాలుగు కోర్ల ప్రాసెసరు, ఒక గిగాబైటు మెమరీ. ధర మాత్రం పాత బోర్డుదే, 35 డాలర్లు. పాత బోర్డుకి కెమెరా తగిలించి, ముఖాలు గుర్తించే ప్రోగ్రాము నడవక తిప్పలు పడుతున్న ఔత్సాహికులకు అది పండగే. అయితే వారం తిరక్కుండానే ఒక వింత ఫిర్యాదు వచ్చింది. కొత్త బోర్డు నడుస్తూ ఉండగా ఒకాయన దాన్ని ఫొటో తీశాడు. ఫ్లాష్ వెలిగింది, బోర్డు ఆగిపోయింది. మళ్లీ తీశాడు. మళ్లీ ఆగిపోయింది.

ఇలాంటి మాట వింటే ఎవరికైనా కాకతాళీయమే అనిపిస్తుంది. ఏ వైరో వదులుగా ఉండి ఉంటుంది, పక్కకి తోసేయవచ్చు. ఆయన తోసేయలేదు. చూసినదాన్ని తోటి ఔత్సాహికులకు చెప్పాడు, వాళ్లు తమ కెమెరాలు తీసి తమ బోర్డుల మీద ప్రయత్నించారు. ఫోన్లలో ఉండే ఎల్ఈడీ ఫ్లాష్‌కి ఏమీ కాలేదు. ఎండలో పెట్టినా, గదిలో లైటు వేసినా ఏమీ కాలేదు. పెద్ద కెమెరాల్లో ఉండే జెనాన్ ఫ్లాష్ దగ్గరనుంచి వెలిగితే మాత్రం బోర్డు పడిపోతోంది. లేజర్ పాయింటరు సూటిగా కొట్టినా అంతే.

జెనాన్ ఫ్లాష్ వెలగాలంటే గొట్టంలోకి వేల వోల్టుల తాకిడి కావాలి. ఆ తాకిడి నుంచి పుట్టిన విద్యుదయస్కాంత తరంగం బోర్డుని కదిలించిందేమో అన్న అనుమానం రావడం సహజం. తేల్చిన పద్ధతి చాలా సులువైనది. గోడకి కాగితాలు అంటించడానికి వాడే మెత్తని జిగురు ముద్దతో చిప్పుని కప్పి, మళ్లీ ఫ్లాష్ కొట్టడమే. ఆ ముద్ద వెలుగుని ఆపగలదు, విద్యుదయస్కాంత తరంగాన్ని ఆపలేదు. కరెంటు ప్లగ్గుకీ హెచ్‌డీఎంఐ సాకెట్టుకీ మధ్య యు16 అని గుర్తు ఉన్న చిన్న చిప్పుని కప్పగానే బోర్డు ఎన్ని ఫ్లాష్‌లకైనా తట్టుకుంది. అంటే నేరం వెలుగుదే.

యు16 పని ప్రాసెసరు కోర్లకి కావలసిన వోల్టేజీని నిలకడగా అందించడం. మామూలు చిప్పుల్లో సిలికాన్ ముక్క నల్లటి ప్లాస్టిక్ తొడుగు లోపల భద్రంగా ఉంటుంది. చోటు మిగలడం కోసం ఇక్కడ తొడుగు లేని రకం వాడారు. సిలికాన్ ముక్కనే తలకిందులుగా తిప్పి, సన్నని సోల్డరు గోళీలతో నేరుగా బోర్డు మీద కూర్చోబెట్టారు. సెకనులో అతిచిన్న భాగం సేపే ఉండే తీక్షణమైన వెలుగు దాని మీద పడితే, సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడివడి, ఉండకూడని చోట కరెంటు పుడుతుంది. వోల్టేజీ లెక్క తప్పుతుంది, ప్రాసెసరు ఆగిపోతుంది. శాశ్వతంగా చెడిపోయేది ఏమీ లేదు, కరెంటు తీసి మళ్లీ ఇస్తే లేస్తుంది.

వెలుగు పడితే విద్యుత్ రవ్వ సులువుగా దూకుతుందని 1887లో హెన్రిక్ హెర్ట్జ్ గమనించాడు. వెలుగు ఎలక్ట్రాన్లను ఎలా విడిపిస్తుందో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు, ఆ పనికే 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ కుటుంబానికి చెందిన చర్యే కెమెరా సెన్సరులో జరుగుతుంది. వెలుగు సిలికాన్‌ని తాకి, ఎలక్ట్రాన్లను విడిపించి, బొమ్మ అవుతుంది. కెమెరాకి చూపునిచ్చిన గుణమే పక్కనున్న చిప్పుని పడగొట్టిందన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఇది మొదటిసారి కూడా కాదు. 1997లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, హడమ్ నెక్ అణువిద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ఎవరో ఫ్లాష్‌తో ఫొటో తీశారు. అగ్నిమాపక ప్యానెల్ తలుపు తెరిచి ఉంది. దానిలోని మెమరీ చిప్పులకి అతినీలలోహిత కిరణాలతో చెరపడానికి చిన్న గాజు కిటికీ ఉండేది. వెలుగు ఆ కిటికీలోంచి లోపలికి పోయింది. మంటల్లేని గదిలోకి మంటలార్పే హాలాన్ వాయువు విడుదలైపోయింది. అమెరికా అణు నియంత్రణ సంస్థ దీన్ని మిగతా కేంద్రాలన్నిటికీ హెచ్చరికగా పంపింది.

ఇలాంటి వింత కేసుల్లోనే కాక, కెమెరా తగిలించిన చిన్న బోర్డులు మామూలుగా ఎందుకు హ్యాంగ్ అవుతాయో తెలుసుకోవాలంటే, అవి మన చేతికి ఎలా వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి. 1990ల చివరిదాకా కంప్యూటర్ విజన్ అంటే పరిశోధనశాలల వ్యవహారం. ఖరీదైన కెమెరా, దానికో ప్రత్యేకమైన కార్డు, దానికో పెద్ద కంప్యూటరు. 2001లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు సీఎంయూ క్యామ్ అనే చిన్న పరికరం తెచ్చారు. ధర 109 డాలర్లు. 80 నిలువు గీతలు, 143 అడ్డ గీతలు ఉన్న బొమ్మని సెకనుకి 17 సార్లు చూసి, ఫలానా రంగు వస్తువు ఎక్కడుందో చెప్పేది. అందులోని మైక్రోకంట్రోలరుకి ఉన్న మెమరీ 136 బైట్లు మాత్రమే. బొమ్మని దాచుకోవడానికి చోటే లేదు కాబట్టి బిందువు వచ్చింది వచ్చినట్టే లెక్క తేల్చి పంపేది. ఆ పొదుపుకి చేతులెత్తి మొక్కాలి.

అదే కాలంలో ఇంకో దారి తెరుచుకుంది. ఇంటెల్‌లో గ్యారీ బ్రాడ్‌స్కీ 1999లో మొదలుపెట్టిన ఓపెన్‌సీవీ అనే ప్రోగ్రాముల భాండాగారం 2000లో అందరికీ ఉచితంగా అందింది. 2012 ఫిబ్రవరి 29న మొదటి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. 2013 మేలో దానికి 25 డాలర్ల కెమెరా వచ్చింది. 2017 చివర్లో గూగుల్ ఏఐవై విజన్ కిట్ తెచ్చింది. అట్టపెట్టె మడిచి, లోపల పై జీరో అనే బుల్లి బోర్డు పెట్టి, మొవిడియస్ చిప్పున్న ఒక పలకని దానిమీద కూర్చోబెట్టి, రిబ్బన్ కేబుల్‌తో కెమెరా కలిపితే చాలు, ఎదుట నవ్వే ముఖాన్ని గుర్తుపట్టి పెట్టె మీది లైటు రంగు మార్చేది. పదహారేళ్లలో రంగు మచ్చ దగ్గర్నుంచి నవ్వు దాకా.

ఈ పదహారేళ్లలో పెరిగింది తెలివి ఒక్కటే కాదు, కరెంటు ఆకలి కూడా. ఆ ఆకలి ఒకే తీరుగా ఉండదు, అసలు చిక్కు అక్కడే. గుమ్మం దగ్గర పెట్టిన ముఖం గుర్తుపట్టే కిట్‌ని ఊహించండి. ఎదుట ఎవరూ లేనంతసేపూ అది తేలిగ్గా, బొమ్మలో కదలిక ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. మనిషి రాగానే నాలుగు కోర్లూ ఒక్కసారిగా లెక్కల్లో దిగుతాయి, లైటు వెలుగుతుంది, ఫొటో కార్డు మీదికి ఎక్కుతుంది, వైఫై ద్వారా సందేశం పోతుంది. ఇవన్నీ ఒకే క్షణంలో. కిట్ రోజంతా బాగా నడిచి, చుట్టాలు వచ్చినప్పుడే హ్యాంగ్ అయిందంటే అందులో దురదృష్టం ఏమీ లేదు. బోరు మోటారు వేయగానే ఇంట్లో లైట్లు మసకబారడం మన ఊళ్లలో అందరం చూసిందే. ఇక్కడ జరిగేదీ అచ్చంగా అదే, కాకపోతే మిల్లీసెకన్లలో అయిపోతుంది.

సన్నని కేబుల్ లెక్క ఒకటి వేసి చూద్దాం. చవక యూఎస్‌బీ కేబుళ్లలో తరచుగా ఉండేది 28 గేజీ రాగి తీగ. దాని నిరోధం మీటరుకి దాదాపు 0.21 ఓములు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబుల్ అంటే రెండు మీటర్ల తీగ, 0.42 ఓములు. ఒక ఆంపియరు లాగితే 0.42 వోల్టులు దారిలోనే పోతాయి. చార్జరు దగ్గర 5 వోల్టులుంటే బోర్డుకి చేరేది 4.58. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం చార్జరు దగ్గర ఉండాల్సిన కనీస వోల్టేజీ 4.75. చార్జరు మీద 2 ఆంపియర్లని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ నష్టం ఆగదు. పై కోసం అమ్మే అధికారిక అడాప్టరు 5 వోల్టులు కాకుండా 5.1 ఇవ్వడం, దాని కేబుల్ విడదీయడానికి వీల్లేకుండా అతికి ఉండడం ఈ లెక్క తెలిసినవాళ్లు చేసిన పని.

మొదటి పై తయారుచేసినవాళ్లకి ఈ బాధ ముందే తెలుసు. బోర్డు మీద టీపీ1, టీపీ2 అని రెండు చుక్కలు పెట్టారు, మల్టీమీటరు సూదులు ఆనించి వోల్టేజీ చూసుకోవడానికి. అయితే మల్టీమీటరు చూపేది సగటు. 4.9 అని స్థిరంగా చూపిస్తూనే ఉంటుంది, ఆ లోపల మిల్లీసెకను సేపు 4.5కి పడి లేచిన సంగతి దానికి తెలియదు. మొదటి బోర్డుల్లో యూఎస్‌బీ సాకెట్ల దగ్గర ఉన్న 140 మిల్లీఆంపియర్ల ఫ్యూజులు మరికొంత వోల్టేజీ తినేవి. వెబ్‌క్యామ్ పెట్టినవాళ్లు ఎక్కువ అవస్థ పడ్డారు. 2012లోనే తర్వాతి బోర్డుల్లో ఆ ఫ్యూజులను తీసేశారు.

అసలైన మలుపు 2014 జులైలో వచ్చిన బీ ప్లస్ బోర్డుతో. అందులో వోల్టేజీకి కాపలా కాసే ఒక చిన్న చిప్పు పెట్టారు. సప్లై 4.63 వోల్టుల కంటే పడితే ఎర్ర లైటు ఆరిపోతుంది. అంతే. కానీ ఆ చిన్న చిప్పుతో ఇన్నాళ్ల అంధకారం తొలగింది. తర్వాత తెరమీద మూలగా పసుపు మెరుపు గుర్తు వచ్చింది. ఆ తర్వాత, బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఒక్కసారైనా వోల్టేజీ పడిందా, వేడెక్కి వేగం తగ్గించుకుందా అన్నది గెట్ థ్రాటిల్డ్ అనే ఆదేశంతో అడిగితే సంఖ్యగా చెప్పే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడెలా ఉంది అని మాత్రమే కాదు, ఇంతకుముందు ఏం జరిగింది అన్నది కూడా ఆ సంఖ్యలో వేరుగా ఉంటుంది. మల్టీమీటరు పట్టుకోలేని మిల్లీసెకనుని బోర్డు తానే గుర్తు పెట్టుకుంటుంది. ఔత్సాహికుల కిట్లలో వచ్చిన గొప్ప ఆవిష్కరణ కెమెరా కాదు, ఇదే అని నా అభిప్రాయం. ఆగిన యంత్రం తన సాక్ష్యం తానే చెప్పడం.

మన దగ్గర ఇంజనీరింగ్ విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఈఎస్‌పీ32-క్యామ్ అనే చిన్న కెమెరా బోర్డు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, పై కంటే ఎంతో చవక. దానిలోనూ కాపలాదారు ఉన్నాడు. వోల్టేజీ పడితే బ్రౌనౌట్ డిటెక్టర్ పనిచేసిందని సీరియల్ మానిటరులో ఒక వాక్యం రాసి, చిప్పు రీసెట్ అవుతుంది. విచారం ఏమిటంటే, చేతులు మారే చాలా నమూనా ప్రోగ్రాముల్లో మొట్టమొదటి పని ఆ కాపలాదారుని నిద్రపుచ్చడం. ఒక్క లైను, రిజిస్టరులో సున్నా రాయడం. రీసెట్లు ఆగుతాయి, నిజమే. వోల్టేజీ మాత్రం పడుతూనే ఉంటుంది. ఇప్పుడు చిప్పు చెప్పకుండా హ్యాంగ్ అవుతుంది, లేదా చెడిపోయిన బొమ్మ పంపుతుంది, కారణం మాత్రం దొరకదు. ఆ లైను చూసినప్పుడల్లా తీసేయండి. పొట్టి, లావు కేబుల్ పెట్టండి, బోర్డు 5 వోల్టుల పిన్ను దగ్గర ఒక పెద్ద కెపాసిటరు పెట్టండి. ఆ బ్రౌనౌట్ వాక్యం రావడం ఆగితే కారణం తేలినట్టే.

వోల్టేజీ సరిగా ఉన్నా ఆగిపోయే కిట్లు ఉంటాయి. వేడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పై 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, పైన చెప్పిన సంఖ్యలోనే అదీ కనిపిస్తుంది. మెమరీ కథ మాత్రం చెప్పుకోదగినది, ఎందుకంటే అది హ్యాంగ్‌లా కనిపిస్తుంది గానీ హ్యాంగ్ కాదు. 640 బై 480 రంగుల బొమ్మ ఒకటి 9,21,600 బైట్లు, దాదాపు 0.9 మెగాబైటు. కెమెరా సెకనుకి 30 బొమ్మలు ఇస్తోంది, మన ప్రోగ్రాము 5 మాత్రమే చూడగలుగుతోంది అనుకుందాం. మిగిలిన 25 బొమ్మలూ వరుసలో పేరుకుంటే సెకనుకి 23 మెగాబైట్లు. 512 మెగాబైట్ల పై జీరో, సిస్టమ్ వాడుకునే మెమరీ పోగా, ఇరవై సెకన్లు కూడా నిలవదు. మెమరీ నిండాక లినక్స్ పాత సమాచారాన్ని ఎస్‌డీ కార్డు మీదికి దింపడం మొదలుపెడుతుంది. కార్డు నెమ్మది. మౌస్ కదలదు, మీట నొక్కితే జవాబు రాదు. బోర్డు మీది ఆకుపచ్చ లైటు మాత్రం ఆగకుండా మిణుకుతూ ఉంటుంది. ఆ లైటు కార్డు పనిచేస్తోందని చెబుతోంది, అంటే బోర్డు చావలేదు. తీరిక లేక ఊపిరాడటం లేదు, అంతే. ఇక్కడ మందు కొత్త బోర్డు కాదు. వరుసని ఒకే బొమ్మకి కుదించి, కొత్తది రాగానే పాతది పారేయడం. సీఎంయూ క్యామ్ 136 బైట్లతో బతికిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

ఇక అన్నిటికంటే పట్టుబడనిది, ప్రోగ్రాములోనే ఒక భాగం ఇంకో భాగం కోసం ఎదురుచూస్తూ ఉండిపోవడం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ భూమ్మీద లేదు. 1997 జులై 4న నాసా వారి పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటరు ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలైంది. రీసెట్ అయినప్పుడల్లా ఆ రోజు మిగిలిన పని మర్నాటికి వాయిదా. కారణం చివరికి ఇలా తేలింది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యం పని ఒక తాళం (ఒకసారికి ఒక్క పనికే దొరికేది) పట్టుకుంది. సమాచార మార్గాన్ని నడిపే ఎక్కువ ప్రాధాన్యం పనికి అదే తాళం కావాలి, అది ఆగింది. ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం పనులు వచ్చి చిన్న పనిని ముందుకి కదలనివ్వలేదు. చిన్నది కదలక తాళం వదల్లేదు, తాళం దొరక్క పెద్దది కదల్లేదు. గడువులోగా పని ముగియలేదని చూసి వాచ్‌డాగ్ అనే కాపలా ఏర్పాటు యంత్రాన్ని రీసెట్ చేసింది.

నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు దీన్ని పట్టుకోగలిగింది ఒక ముందుచూపు వల్ల. ఎగిరే ముందు పరీక్షల్లో వాడిన, ఏ పని ఎప్పుడు నడిచిందో రాసుకునే ఏర్పాటుని వాళ్లు తీసేయకుండా అలాగే పంపారు. భూమ్మీద అచ్చం అలాంటి యంత్రమే పెట్టి, రీసెట్ మళ్లీ జరిగేదాకా నడిపించి, ఆ రాతల్లో తాళం చిక్కుని చూశారు. తాళం పట్టుకున్నంతసేపు చిన్న పనికి పెద్ద పని ప్రాధాన్యం ఇచ్చే సదుపాయం సాఫ్ట్‌వేరులో అప్పటికే ఉంది, మూసి ఉంది. భూమి నుంచి సవరణ పంపి దాన్ని తెరిచారు. రీసెట్లు ఆగాయి.

మన కిట్లలోనూ వాచ్‌డాగ్ ఉంది. పై లోపలి హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌కి గరిష్ఠంగా 15 సెకన్ల గడువు పెట్టుకోవచ్చు, ఆలోగా ప్రోగ్రాము తాను బతికున్నట్టు తెలపకపోతే బోర్డు దానంతట అదే రీబూట్ అవుతుంది. పొలంలో, పైకప్పు మీద, ఎవరూ దగ్గర లేని చోట పెట్టిన కెమెరాకి అది తప్పనిసరి. కానీ పాత్‌ఫైండర్‌ని బాగు చేసింది వాచ్‌డాగ్ కాదు, దాన్ని నిలబెట్టింది మాత్రమే. బాగు చేసింది ఆ రాతలు. వాచ్‌డాగ్ పెట్టేసి, రీబూట్ తర్వాత లాగ్ మిగిలే ఏర్పాటు చేయకపోతే, రోజుకి పది సార్లు పడి లేస్తున్న కిట్‌ని బాగా నడుస్తోందని అనుకుంటూ ఉంటాం.

ముఖం చూసి హాజరు వేసే యంత్రం, నంబరు ప్లేటు చదివే గేటు, ఇలాంటివి ఏటా మన కాలేజీల ప్రాజెక్టు ఎక్స్‌పోల్లో ఎన్నో వస్తాయి. డెమో రోజున హ్యాంగ్ అయితే కరెంటు తీసి పెట్టి, వైవా గట్టెక్కించి, ఆ సంగతి రికార్డులో రాయకుండా వదిలేయడం వాడుక. అధ్యాపకులకి నా విన్నపం ఒకటే. ప్రాజెక్టు రికార్డులో ఆ హ్యాంగ్‌కి ఒక పేజీ కేటాయించండి. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఎదురుగా ఏముంది, ఏ లైటు వెలుగుతోంది, లాగ్‌లో చివరి లైను ఏమిటి, ఒక్కొక్కటిగా ఏమేం మార్చి చూశారు అని రాయించండి. కారణం దొరికినా దొరక్కపోయినా ఆ పేజీకి మార్కులు వేయండి.